అన్న పేరు మీద పదిమంది

సిడ్నీ నుంచి మెల్‌బోర్న్ వెళ్ళే పగటి రైలు సెంట్రల్ స్టేషన్‌లో ఎనిమిదికి కాస్త ముందు కదులుతుంది. 1999 జులైలో ఒక గురువారం నేను ఆ రైలెక్కాను. అప్పట్లో ఇద్దరు స్నేహితులతో కలిసి సిడ్నీ శివారు హారిస్ పార్క్‌లో ఉండేవాణ్ణి. తెల్లవారకముందే లేచి లోకల్ రైలు పట్టుకుని ఏడుంబావుకు సెంట్రల్ చేరాను. విమానమైతే గంటన్నర ప్రయాణం. కానీ నేను వెళ్తున్న పనికి తొందర పనికిరాదనిపించింది. పదకొండు గంటలు కిటికీ పక్కన కూర్చుంటే మనసు కాస్త కుదుటపడుతుందనుకున్నాను.

వెళ్ళింది మా అన్న కోసం. అన్న పేరు యోసేపు. నా పేరు బెన్యామీను, ఆఫీసులో బెన్ అంటారు. మాది గుంటూరు జిల్లాలో ఒక మాదిగవాడ. తాతల కాలంలో మావాళ్ళు క్రైస్తవ సంఘంలో చేరారు. నేను హైస్కూల్లో ఉండగా వాడలో కొన్ని కుటుంబాలవాళ్ళు, మనం అసలు ఇశ్రాయేలు సంతతివాళ్ళం, చెదిరిపోయి ఇంతదూరం వచ్చాం అని నమ్మి, శనివారం విశ్రాంతిదినం పాటించడం మొదలుపెట్టారు. వాళ్ళలో అన్న ముందుండేవాడు. రేడియోలు, ఫ్యాన్లు బాగుచేసే చిన్న కొట్టు అతనిది. ఎవరో వదిలివెళ్ళిన పుస్తకం చూసి హీబ్రూ అక్షరాలు నేర్చుకుని, కొట్టు తలుపు మీద సుద్దముక్కతో రాసి పిల్లలకు నేర్పేవాడు. నేను నవ్వేవాణ్ణి. కాలేజీ సర్టిఫికెట్లో నేను హిందువుని, నాయనమ్మ దృష్టిలో క్రైస్తవుణ్ణి, అన్న లెక్కలో యూదుణ్ణి. “ముందు ఏదో ఒకటి తేల్చు అన్నా, జనం నవ్వుతున్నారు” అని ఒకసారి అందరి ముందే విసుక్కున్నాను. అతని మొహం చిన్నబోయింది.

98లో నేను వై టు కె పని మీద సిడ్నీ వచ్చాను. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే ఉండేవి. 2000 వస్తే కంప్యూటర్లు దాన్ని 1900 అనుకుంటాయని భయం. ఒక బీమా కంపెనీలో ఆ తేదీలు వెతికి నాలుగంకెలు చేయడమే నా ఉద్యోగం. వచ్చిన మూడు నెలలకు అన్నకు కామెర్లు ముదిరాయి. ఆస్పత్రి ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్ నుంచి వదిన ఫోన్ కలిపి అతని చేతికిచ్చింది.

“ఒరే బెన్నీ, ఆడ మనోళ్ళు ఉంటారంటగా. పదిమంది మగాళ్ళు కూడితే పోయినోళ్ళ పేరుమీద కద్దీష్ అని చదువుతారంట. నాకేవన్నా అయితే అది చదివించరా. మనకాడ ఆ మాటలు సరిగ్గా ఎవరికీ రావు.”

“నీకేం కాదు, ఊరుకో” అన్నాను. నాలుగో రోజు పోయాడు. సెలవు దొరికి నేను చేరేసరికి సమాధి మీద మట్టి ఎండిపోయి ఉంది.

దాదాపు ఏడాదిపాటు ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఆఫీసులో నా పక్క సీటు రూత్ అనే ఆవిడది. ముప్పై ఏళ్ళుగా ఆ ప్రోగ్రాములు చూస్తున్న పెద్దావిడ, యూదు కుటుంబంలో పుట్టింది. ఒకరోజు మధ్యాహ్నం భోజనం దగ్గర ఉన్నట్టుండి అంతా చెప్పేశాను. ఆవిడ విని, “మా మామయ్యకు ఫోన్ చేస్తాను. ఆయన కలకత్తాలో పుట్టినవాడు. నీ మాట ఆయనకు అర్థమవుతుంది” అంది. ఆయన పేరు హస్కెల్. మెల్‌బోర్న్ అవతల, విక్టోరియా రాష్ట్రంలో బంగారు గనుల కాలంనాటి ఒక ఊళ్ళో ఉంటారు. అక్కడ అప్పటి ప్రార్థనాగృహం ఒకటి మిగిలింది. నెలకొక ఆదివారం చుట్టుపక్కల యూదులు కూడుకుంటారు. వాళ్ళ పంచాంగం ప్రకారం అన్న పోయి ఏడాది నిండే తిథి, వాళ్ళు కూడే ఆదివారం, ఒకే రోజు వచ్చాయి. ఆ ఊరి పేరు మాత్రం రాయను. చూడ్డానికి వచ్చేవాళ్ళు ఎక్కువైతే ఆ కొద్దిమందికి ఇబ్బంది.

రైల్లో నా ఎదుటి సీట్లో ఒక తెలుగావిడ కూర్చున్నారు. నెల్లూరువారట, ఆల్బరీలో డాక్టరు, ఇరవై ఏళ్ళుగా ఇక్కడే. గోల్‌బర్న్ దాటాక డబ్బా తెరిచి పులిహోర పెట్టారు.

“ఈ వై టు కె గొడవలో లీవ్ ఎట్లా ఇచ్చార్రా నీకు? మా అల్లుడికి క్రిస్మస్ దాకా వీకెండ్సే లేవంట.”

“మా అన్న పోయి సంవత్సరం ఆంటీ. ప్రార్థన ఉంది.”

“అయ్యో. చర్చిలోనా?”

ఎప్పుడూ తలూపి ఊరుకునేవాణ్ణి. ఆ రోజెందుకో, “కాదాంటీ, యూదుల ప్రార్థన” అన్నాను.

ఆవిడ చెంచా ఆపి నావైపు చూశారు. “గుంటూర్లో యూదులా? నేనెప్పుడూ వినలా.” మళ్ళీ చెంచా అందుకుని, “సరేలే, ఎవరిదైనా పేరు తలుచుకోటమే గదా. ఇంకాస్త పెట్టుకో” అన్నారు. ఆల్బరీలో దిగుతూ నా భుజం తట్టి వెళ్ళారు.

ఆరున్నర దాటాక మెల్‌బోర్న్ స్పెన్సర్ స్ట్రీట్ స్టేషన్ చేరాం. పక్క వీధిలోనే ఒక చవక లాడ్జి దొరికింది. గది చిన్నది, నీళ్ళు వేడిగా వచ్చాయి, అది చాలు. శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి అదే స్టేషన్ నుంచి గనుల ఊరికి రైలు. రెండు గంటల లోపే. పొలాల్లో మంచు తెల్లగా పేరుకుని ఉంది, గొర్రెలు కదలకుండా నిలబడి ఉన్నాయి. ఈ ప్రయాణం చేసేవాళ్ళు జులైలో ఉన్ని కోటు లేకుండా రావద్దు.

హస్కెల్ అంకుల్ ప్లాట్‌ఫారం మీదే ఉన్నారు. ఎనభైకి దగ్గర, పొట్టి మనిషి, చేతికర్ర. నన్ను చూడగానే హిందుస్తానీలో, “ఆవో బేటా, ఠండ్ లగీ?” అన్నారు, రా నాయనా, చలేస్తోందా అని. ఆయన పూర్వీకులు బాగ్దాద్ నుంచి కలకత్తా వచ్చారట. ఆయన కలకత్తా రేవులో గుమాస్తాగా చేసి, ఆ తర్వాత ఆస్ట్రేలియా వచ్చి ఇక్కడి రైల్వేలో రిటైరయ్యారు. భార్య ఆ ఊళ్ళో పంతులమ్మగా చేశారు. ఆవిడ సమాధి అక్కడే ఉందని ఊరు వదల్లేదు.

సూర్యాస్తమయానికి ముందే వంట ముగిసింది. అయిదు గంటలప్పుడు ఆయనే రెండు కొవ్వొత్తులు వెలిగించారు. వాళ్ళకు రోజు సాయంత్రంతో మొదలు. విశ్రాంతిదినం మొదలయ్యాక పొయ్యి ముట్టించరు, ఫోన్ ఎత్తరు, బండెక్కరు. కోడికూర అన్నం, ఉడికించి నూనెలో నిదానంగా ఎర్రగా వేయించిన ఆలుగడ్డలు తిన్నాం. అది కలకత్తా యూదుల వంటట. భోజనాల దగ్గర ఆయన అన్న పేరు, తల్లి పేరు అడిగారు. తమ పద్ధతిలో పోయినవాళ్ళను తల్లి పేరుతో కలిపి పిలుస్తామన్నారు.

“యోసేపు. అమ్మ పేరు రాహేలమ్మ.”

ఆయన గిన్నె పక్కకు జరిపారు. “యోసేఫ్, రాహేలు కొడుకు. నువ్వు బెన్యామీను. మా గ్రంథంలోనూ రాహేలు ఇద్దరు కొడుకుల పేర్లు ఇవే. ఎవరు పెట్టారు?”

“అమ్మే. చదువు రాదు. చర్చిలో విని పెట్టింది.”

 ఆయన కొవ్వొత్తులవైపు చూస్తూ మెల్లగా చెప్పడం మొదలుపెట్టారు. మా ఇంట్లో తెలుగు బైబిల్లో ‘చెర’ అనే మాట ఉంది, యూదుల ఆలయం కూలాక ఆ జనం పరాయి దేశాలకు పోవడం. ఆయన చెప్పింది ఆ చెర గురించే. జనం ఒంటరిగా చెరకు పోలేదట. దేవుని సన్నిధి, దాన్ని వాళ్ళు స్త్రీగా తలుస్తారు, తానూ వాళ్ళతోపాటు వెళ్ళిపోయిందట.

“తండ్రి కోపంతో బిడ్డల్ని ఇంట్లోంచి గెంటేస్తే తల్లి ఏం చేస్తుంది? చెంగు నోట్లో కుక్కుకుని వాళ్ళ వెనకాలే నడుస్తుంది. మా పెద్దలు ఆ తల్లిని రాహేలు అని పిలిచారు. బిడ్డలు ఇంటికి చేరేదాకా ఆమెకూ ఇల్లు లేదు.”

 మేం ఊరికి బయట పుట్టినవాళ్ళం. నీళ్ళకు వెళ్తే దూరంగా నిలబడ్డవాళ్ళం. దేవుడు ఊళ్ళో ఉంటాడని, మనం బయట ఉంటామని చిన్నప్పటి నుంచి అనుకుంటూ వచ్చాను. దేవుడే బయటికొచ్చి నడుస్తున్నాడని ఎవరూ చెప్పలేదు.

శనివారమంతా ఇంట్లోనే ఉన్నాం. మధ్యాహ్నం ఎండలో వెనక వరండాలో కూర్చున్నాం. ఆయన ఆత్మ గురించి చెప్పారు. ఆత్మ ఒక అంతస్తు ఇల్లు కాదు, మూడంతస్తులది. కింద ఒంటిని నడిపే ప్రాణం, మధ్యలో మంచీ చెడూ తెలిసే మనసు, పైన దేవుని ఊపిరి. మనిషి పోయాక కిందిది కొన్నాళ్ళు సమాధి దగ్గరే తచ్చాడుతుంది, పైది వచ్చినచోటికి వెళ్తుంది. ప్రతి ఏడూ ఆ తిథినాడు ఆత్మ ఒక మెట్టు ఎక్కుతుంది, ఇక్కడివాళ్ళు చదివే మాట దానికి చేయూత. అలాగే సృష్టికి ముందు దేవుని వెలుగును పట్టలేక, దాన్ని నింపిన పాత్రలు పగిలాయని, ఆ వెలుగు రవ్వలు లోకమంతా చెదిరి మట్టిలో పడ్డాయని చెప్పారు. జనం దేశదేశాలు తిరగడం శిక్ష మాత్రమే కాదు, ఎక్కడెక్కడ రవ్వలున్నాయో అక్కడికి వెళ్ళి వాటిని పైకెత్తడానికట. చివరి రవ్వ లేచిన రోజు, వాళ్ళు ఎదురుచూసే రక్షకుడు మెస్సీయ వస్తాడు.

“ఎప్పుడంకుల్? ఇప్పుడందరూ 2000లో లోకం అయిపోతుందంటున్నారు.”

ఆయన నవ్వారు. ఆ రెండు రోజుల్లో ఆయన నవ్వడం అదొక్కసారే. “మా లెక్కలో ఇది 5759. నీ కంప్యూటర్లకు చెప్పు. రోజు లెక్కగట్టొద్దని మా పెద్దలు గట్టిగా చెప్పారు. లెక్కగట్టినవాళ్ళంతా జనాన్ని ఏడిపించారు.” కాసేపటికి మళ్ళీ అన్నారు. “మెస్సీయలు ఇద్దరని ఒక మాట ఉంది. ముందు యోసేపు సంతతివాడొకడు వస్తాడు. చెదిరినవాళ్ళను కూడగడతాడు. పని సగంలో ఉండగానే పోతాడు. రెండోవాడు వచ్చి పూర్తిచేస్తాడు. మీ అన్న అతనే అనడంలేదు నేను, తప్పుగా అనుకోకు. ప్రతి తరంలో ఆ సగం పని చేసి పోయేవాళ్ళు కొందరుంటారని మాత్రం నా నమ్మకం.”

అప్పుడు అడిగాను, ఏడాదిగా లోపల ఉన్నది. “మేం నిజంగా మీవాళ్ళమేనా?”

“నాకు తెలీదు బేటా. తెలుసని చెప్పేవాణ్ణి నమ్మకు.”

నక్షత్రాలు కనబడ్డాక, విశ్రాంతిదినం ముగిసి అన్న తిథి మొదలైంది. అంకుల్ ఒక గాజుగ్లాసులో నూనె పోసి వత్తి వేసి నా చేతికిచ్చారు. నేనే వెలిగించాను.

ఆదివారం ఉదయం తొమ్మిదికి ప్రార్థనాగృహానికి నడిచి వెళ్ళాం. ఎర్ర ఇటుకల చిన్న కట్టడం, లోపల పాత చెక్క బల్లలు, మూల ఒక హీటరు. ఒక్కొక్కరే కార్లలో వచ్చారు. డాన్ అనే ఆపిల్ తోటల రైతు అరవై కిలోమీటర్ల నుంచి వచ్చాడు. మనుషుల్ని అంకెలతో లెక్కపెట్టడం వాళ్ళకు ఆచారం కాదు. పది మాటలున్న ఒక కీర్తన వాక్యం ఉంది, మనిషికొక మాట చొప్పున పలుకుతారు. అంకుల్ తలలవైపు చూస్తూ పలికారు. తొమ్మిదో మాట దగ్గర ఆగిపోయారు. చూపు నా మీదికి వచ్చింది, నన్ను దాటి తలుపు మీదికి వెళ్ళింది.

పదోవాడు పక్క ఊరి డాక్టరు. పదింటికి ఫోన్ మోగింది. ఆస్పత్రిలో అత్యవసరమట, రాలేడు.

డాన్ నన్ను చూపించి అన్నాడు. “మేట్, ఇక్కడొకడు నిలబడి ఉన్నాడుగా. లెక్కపెట్టేద్దాం హస్కెల్. ఎవరికి తెలుస్తుంది?”

“తెలియాల్సినవాడికి తెలుస్తుంది” అన్నారు అంకుల్. “మన ధర్మం ప్రకారం ఇతని సంగతి తేలలేదు. తేల్చే అధికారం నాకు లేదు. అన్న పేరు అబద్ధం మీద చదివించుకోడానికి ఇతనింత దూరం రాలేదు.”

నేను బయటికొచ్చేశాను. ఒళ్ళంతా మండిపోయింది. ఊళ్ళో లెక్కలో లేం, చర్చిలో వెనక బల్ల, ఇక్కడికొస్తే ఇక్కడా తలుపు దగ్గరే. అన్న మీద కూడా కోపం వచ్చింది. ఎవరడగమన్నారు నిన్ను, వీళ్ళ ప్రార్థన లేకపోతే ఏమైంది అని పైకే అన్నాను. మంచు కరుగుతున్న గడ్డిలో అటూ ఇటూ తిరిగాను. స్టేషన్‌కి వెళ్ళిపోదామనుకున్నాను గానీ సంచి ఆయన ఇంట్లో ఉంది.

కర్ర చప్పుడు వినిపించింది. అంకుల్ వచ్చి పక్కన నిలబడ్డారు. క్షమించమని అనలేదు.

“నేను చెప్పింది నీకు నొప్పి కలిగించింది. అబద్ధం చెప్పి ఉంటే ఇవాళ సంతోషంగా ఉండేవాడివి, రేపు నువ్వే అనుమానపడేవాడివి. రా, పదిమంది లేకుండా చేయగలిగేది ఒకటుంది. దానికి లెక్క అక్కర్లేదు.”

పెద్దల పాత న్యాయసూత్రాలను చదవడం అది. ఆ చదువుకు హీబ్రూలో ఉన్న మాటలోనూ, ఆత్మ అనే మాటలోనూ అవే అక్షరాలున్నాయట. అందుకని పోయినవాళ్ళ పేరులోని ఒక్కో అక్షరంతో మొదలయ్యే సూత్రాన్ని చదువుతారు, చివర ఆత్మ అనే మాట అక్షరాలకూ చదువుతారు. తొమ్మిదిమందీ బల్ల చుట్టూ చేరి నాకు చోటిచ్చారు. హీబ్రూలో యోసేపు పేరుకు నాలుగక్షరాలు. నేను వాటిని గుర్తుపట్టాను. అన్న కొట్టు తలుపు మీద చూసినవే. నేను ఒక్కో అక్షరం చదివితే అంకుల్ దాని సూత్రం చదివి ఇంగ్లీషులో చెప్పారు. అందులో స్వర్గం గురించి ఏమీ లేదు. గోడలు, ఎద్దులు, కూలీలు. ఒకచోట ఇద్దరు ఒకే వస్త్రాన్ని పట్టుకుని మొత్తం నాదంటే నాదంటున్నారు. ఇద్దరిచేతా ప్రమాణం చేయించి చెరి సగం ఇమ్మని తీర్పు. డాన్ దానిమీద అయిదు నిమిషాలు వాదించాడు. అన్న ఉంటే వదిలేవాడు కాదు, తెల్లారేదాకా వాదించేవాడు. అప్పుడు ఏడుపొచ్చింది నాకు. ఎవరూ ఊరుకోమనలేదు. చదువు ఆపలేదు కూడా.

పన్నెండింటికి ముగిసింది. ఇంటికొచ్చి గుడ్లు, పప్పు చారు తిన్నాం. దుఃఖంలో ఉన్నవాళ్ళకు గుండ్రటి తిండి పెడతారట, ఆద్యంతాలు లేనిదని. నా సంచి సర్దుకుంటుంటే అంకుల్ కోటు తొడుక్కుని నిలబడ్డారు.

“నేనూ మెల్‌బోర్న్ వస్తున్నాను. అక్కడ నాకు తెలిసిన చోట సాయంత్రం ప్రార్థనకు రోజూ పదిమంది ఉంటారు. తిథి సూర్యాస్తమయం దాకా ఉంది. నువ్వు చదవకూడదు. నేను చదవొచ్చు.”

“ఈ చలిలో మీరెందుకంకుల్? మళ్ళీ ఎట్లా వస్తారు?”

“రూత్ తమ్ముడింట్లో పడుకుంటా. పద, రైలు ఒంటిగంటకు.”

స్టేషన్‌కి వెళ్తే రైలు లేదు. పట్టాల మరమ్మతు, బదులుగా బస్సు. ఆదివారాలు ఇలా జరుగుతుంటుంది, వెళ్ళేవాళ్ళు ముందే కనుక్కోవడం మంచిది. బస్సు ఒకటిన్నరకు కదిలి ప్రతి ఊళ్ళోకీ వెళ్ళి ఆగింది. పక్క సీట్లో నర్సింగ్ చదివే అమ్మాయి, మేం గడియారం చూసుకోవడం గమనించి, “ఏదైనా ఫ్లైటా?” అని అడిగింది. “కాదమ్మా, సూర్యుడు” అన్నారు అంకుల్. ఆ అమ్మాయికి అర్థం కాలేదు గానీ, డ్రైవరు దగ్గరికెళ్ళి ఎన్నింటికి చేరతామో కనుక్కుని వచ్చింది. నాలుగుంబావుకు స్పెన్సర్ స్ట్రీట్. అక్కడి నుంచి ట్రామ్. దిగాక ఆయన కర్ర చేత్తో ఎత్తిపట్టుకుని, నా భుజం ఆసరాగా దాదాపు పరుగెత్తారు. మేం తలుపు తోసేసరికి అయిదు కావస్తోంది. బయట ఇంకా వెలుతురుంది.

లోపల పదిహేనుమందిదాకా ఉన్నారు. ఎవరూ లెక్కపెట్టాల్సిన అవసరం రాలేదు. నేను వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. చివర అంకుల్ ముందుకెళ్ళి, “యోసేఫ్, రాహేలు కొడుకు” అని మెల్లగా చెప్పి మొదలుపెట్టారు. కద్దీష్‌లో చావు అనే మాటే లేదని ముందే చెప్పారు నాకు. అంతా దేవుని నామాన్ని ఘనపరచడమే, ఆయన రాజ్యం త్వరగా రావాలనే కోరికే. చదివేవాడు ఆగినచోటల్లా మిగతావాళ్ళు ఆమేన్ అంటారు.  రెండోసారి నేనూ అందరితోపాటు అన్నాను. ముందు వరసలో ఒక ముసలాయన వెనక్కి తిరిగి చూసి, తన పుస్తకం తెచ్చి, తెరిచి, ఆ పుట మీద వేలుపెట్టి నా చేతిలో ఉంచి వెళ్ళాడు.

బయటికొచ్చాక అంకుల్‌ని మెట్ల మీద కూర్చోబెట్టాను. నేను థాంక్స్ చెప్పబోతే చెయ్యడ్డం పెట్టి, “నీ సంగతి తేల్చుకోడానికి ఒక దారుంది. ఏళ్ళు పడుతుంది, కష్టం. కావాలనుకుంటే రాయి. వద్దనుకున్నా రాయి” అన్నారు. రూత్ తమ్ముడు కారులో వచ్చి ఆయన్ను తీసుకెళ్ళాడు.

సిడ్నీ వెళ్ళే రైలు ఆ రాత్రి ఎనిమిదింటికి. కూర్చునే సీటే తీసుకున్నాను. రాత్రి బాగానే నిద్రపట్టింది. తెల్లవారుజామున మాస్ వేల్ అనే ఊరి దగ్గర మెలకువొచ్చింది. ఈ ప్రయాణంలో నాకు జవాబు దొరకలేదు. మేమెవరం అన్నది బయల్దేరినప్పుడు ఎంత తెలుసో ఇప్పుడూ అంతే తెలుసు. కానీ మమ్మల్ని లెక్కలోకి తీసుకోలేనని మొహం మీద చెప్పిన మనిషే, మా అన్న కోసం చలిలో పరుగెత్తాడు. అంతకుముందు నాకు ఈ రెండూ ఒకే మనిషిలో కనబడలేదు. పదిమందిలో నేను లేను. ఆమేన్ అన్నవాళ్ళలో ఉన్నాను. ఇంతకంటే ఎక్కువ చెబితే అబద్ధమవుతుంది.

బండి ఊగుతుండగానే వదినకు ఉత్తరం రాశాను. ఆవిడకు వివరాలు కావాలి, పిల్లలకు చదివి వినిపిస్తుంది. ఎంతమంది ఉన్నారు, ఏం తొడుక్కున్నారు, అంకుల్ ఎలా ఉంటారు, అన్నీ రాశాను. చివర ఇలా రాశాను. వదినా, ఆదివారం సాయంత్రం, ఇంకా పొద్దు గుంకకముందే, అన్న పేరు అమ్మ పేరుతో కలిపి పైకి చదివారు. నేను విన్నాను.